కారం లేని ఎరుపు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
కంప్రెసరు బాగుచెయ్యను వచ్చినాయన
ఇరవై రోజుల్నించి నా మెస్సులోనే తింటన్నాడు.
పేరు ఊవే.
పిలిస్తే ఉయ్యాల ఊపినట్టుంటది.
పప్పు, పెరుగు, అప్పడం. అంతే.
గోంగూర దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు,
ఊరమిరపకాయకి దూరం నుంచే దణ్ణం పెట్టాడు.

ఆదివారం పొద్దున
సంచిలోంచి ఒక గడ్డ తీసి నా బల్ల మీద పెట్టాడు.
లక్ష్మీపురం ఏసీ కొట్లో నూట ఎనభై అంట.
క్యాబేజీయే, కాకపోతే
నేరేడుపళ్ళు తిన్న పిల్లాడి నాలిక రంగు.
సువార్త కత్తిపీట ముందు కూర్చుని రెండు చెక్కలు చేసి
"అత్తా, లోపల మెలికల ముగ్గేసుందే" అంది.

ఫోను చూసి ఆయన చెప్పడం,
ఎలక్ట్రీషియన్ మౌలాలి తెలుగు చెయ్యడం,
నేను ఊ కొట్టడం.
బాతు కొవ్వంట. నెయ్యేశాను.
ఆపిలంట. ఒక పక్క మెత్తబడ్డది బండి మీద దొరికింది.
లవంగాలు, బిరియానీ ఆకు, ఇవి మన చుట్టాలే.
పంచదారకి బదులు బెల్లం.
పచ్చిమిర్చి ఎన్ని, అన్నాను.
లేవు.
పోనీ ఎండుమిర్చి?
లేదు.
యార్డు వైపు నుంచి గాలి మళ్ళితే
వీధికి వీధి తుమ్మే ఊళ్ళో, లేదంట!
సన్నసెగన గంటన్నర.
గంటన్నరా? క్యాబేజీ ఏమన్నా మేక కాలా?

మూతపెట్టి, పప్పు చూసుకుని వచ్చేసరికి
నీలం.
బోరు నీళ్ళు పోశాను మరి.
పప్పు ఉడకనివ్వవు, సబ్బు నురగనివ్వవు,
బిందె అడుగున సున్నం కట్టిస్తయి.
గిన్నె నిండా నీలిమందు కలిపిన చాకిరేవు.
ఊవే తొంగి చూశాడు.
కంప్రెసరు ఆగిన రోజు ఓనరు గారి ముఖం
ఈయనకొచ్చింది.
వెనిగర్, వెనిగర్ అన్నాడు.
ఆ మాట నాకూ తెలుసు. ఇప్పుడు ఎవరు పోతారు?

రసానికని నానేసిన చింతపండుంది.
పిసికి, పిప్పి తీసి
ఒక దోసెడు ఆ నీలం మీద పోశాను.

పోసినకాడల్లా ఎరుపు పాకింది,
అబద్ధం దొరికిపోయిన మనిషికి
మెడ మీంచి చెవుల దాకా ఎక్కినట్టు.
సువార్త గరిటె వదిలేసి చప్పట్లు.
నలభై ఏళ్ళుగా పులుసులు పెడతన్నా
చింతపండు ఈ విద్య నాకెప్పుడూ చూపించలా.

దేంతో తినాలయ్యా ఇది, అన్నాను.
మాంసం పక్కన, అని మౌలాలి.
మనకి అన్నం తప్ప అన్నీ పక్కనే కదా,
నంజుకునేదన్నమాట.
వేటమాంసం, పక్కన ఇది.
మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని
ఊవే పైన ఫ్యాను వంక చూస్తా ఉండిపోయాడు.
ఏమంటన్నాడు?
"దగ్గరికొచ్చింది అంటన్నాడక్కా."
అదే, అనలేదు.
అబద్ధమాడనందుకు ఇంకో గరిటె వేశాను.

మధ్యాన్నం బంతిలో ఆదిశేషయ్య.
యార్డులో గుమాస్తా, రంగు చూసి కాయ రకం చెప్పే మనిషి.
వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుని
కారం కోసం ఎదురు చూశాడు. రాలా.
ఇంకొంచెంసేపు చూశాడు.
"పున్నమ్మా, ఇంత ఎరుపేసుకుని ఏందే ఇది?"
మనుషుల్లో ఉండరా అట్టాంటోళ్ళు, అన్నాను.
ఎవర్ననుకుని అన్నానో నాకే తెలీదు.
ఆయన కందిపొడి చల్లి, నెయ్యేసుకుని, అన్నంలో కలిపి
మారు అడిగాడు.

రాత్రి గిన్నెలు కడిగాక
వేళ్ళ సందుల్లో ఇంకా ఊదారంగు.
సబ్బు పెడితే నీలమైంది.
చింతపిప్పి తీసి రుద్దాను, ఎరుపు.
సబ్బు. నీలం.
పిప్పి. ఎరుపు.
"అత్తా, లైటు తీసెయ్యనా?"
ఉండవే,
ఇంకొక్కసారి.