మ వత్తు

రాత్రి ఎవరూ అడగలేదు దాన్ని.
పదింటికి షట్టర్ దించి నేను పోయాక
కంప్యూటర్ తనంతట తానే పెద్దమనిషైపోయింది.
తెల్లారి చూస్తే కొత్త నీలం, ఎక్కడో చలిదేశపు కొండ,
"స్వాగతం" అని ఒక మాట.
నా కొట్లో నాకే స్వాగతం.

పర్లాకిమిడి హైస్కూలు సందులో
ఒక గది, ఒక ప్రింటరు, రెండు లిపులు.
ఒడియా అక్షరాలు కొత్తింట్లో కూడా
గొడుగులేసుకుని చక్కగా నిలబడ్డాయి.
తెలుగు ఫైలు తెరిస్తే
తలకిందుల ప్రశ్నార్థకాలు, ఏ దేశానివో డబ్బు గుర్తులు.
పదిహేడేళ్ళుగా నేను కొట్టిన పెళ్ళిళ్ళన్నీ
నిద్దట్లో గొణుగుడు.

సాయంత్రానికి సంకిలి తవిటమ్మ కార్డులు కావాలి,
రెండొందలు. బస్టాండు పక్కన టిఫిన్ హోటలు తెరుస్తోంది.
అడ్వాన్సు ఇచ్చేసింది,
నేను దాంతో టోనర్ కొనేశాను.

సరే, మళ్ళీ ఎక్కిద్దాం.
బీరువాలో పాత సీడీ, నా అరచేతికన్నా
ఎక్కువ గీతలు దాని మీద.
"ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్లో నడవదు."
మరోసారి నొక్కాను, ఈసారి గట్టిగా,
గట్టిగా నొక్కితే వింటుందన్నట్టు.

బరంపురం సనాతన్ పాఢికి ఫోను.
"దిదీ, రీస్టార్ట్ కొరొంతు."
చేశాను.
"అడ్మిన్‌గా నడపండి."
ఈ కొట్టుని ఊడ్చేదాన్నీ నేనే, అద్దె కట్టేదాన్నీ నేనే,
అయినా అడిగింది: మీరు నిజంగా యజమానేనా?
అవును మీద నొక్కాను, ఒప్పేసుకుంది.
ఇంత తేలిగ్గా ఇంకెవరూ ఒప్పుకోలేదు.

నలభై శాతం దగ్గర ఆగింది.
యాంటీవైరస్ ఒక చిన్న ఫైలుని పట్టుకుని
లాకప్పులో పడేసింది. పూచీ పడి విడిపించాను.
డెబ్భై దగ్గర మళ్ళీ.
వెనకాల గుచ్చే నల్ల తాళం, బొటనవేలంత,
దాని డ్రైవర్‌కి సంతకం లేదట.
సంతకం లేనివాణ్ణి రానివ్వదట.

నవ్వొచ్చింది.
వంతెన దాటితే పాతపట్నం,
లారీలు ఆగేదీ ఈ మాట మీదే.
అక్కడ కాగితం లేకపోతే ఏం చెయ్యాలో
క్లీనరు కుర్రాళ్ళకీ తెలుసు.
ఇక్కడ? "షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్," అన్నాడు సనాతన్,
"తర్వాత ఏడు."

ఏడు నొక్కేలోపు కరెంటు పోయింది.

గుమ్మంలో కూచున్నాను. బిపిన్ టీ తెచ్చాడు.
ఫోన్లో సిగ్నలు ఒకసారి ఒడిశా టవరు, ఒకసారి ఆంధ్రా టవరు,
ఎవరి సంతకమూ లేకుండా
మహేంద్రతనయ మీదుగా అటూ ఇటూ దూకుతోంది.

మళ్ళీ మొదట్నించీ. షిఫ్ట్. ఏడు.
తొంభై తొమ్మిది దగ్గర ఎంతసేపుందంటే
బిపిన్ ఇంటికెళ్ళి అన్నం తినొచ్చాడు.

అయింది.

ఇడ్లీ వచ్చింది, పూరీ వచ్చింది,
ప్రారంభోత్సవం కూడా తడబడకుండా వచ్చింది.
తవిటమ్మ దగ్గర మాత్రం
తవిటమ, దాని కింద ఖాళీ డబ్బా.
మ వత్తు రాలేదు.
ఫాంటు తీసి మళ్ళీ వేశాను.
బొమ్మ కొట్టాను, గుమ్మం కొట్టాను, నమ్మకం కొట్టాను,
ప్రతిదాని కిందా అదే గది, తలుపు లేనిది.

నాలుగున్నర. సనాతన్ ఫోను ఎత్తడం లేదు.

డబ్బా చెరిపేసి ప్రింటు కొట్టాను.
నల్ల జెల్ పెన్ను తీసి
ఒక్కో కార్డు మీదా చేత్తో పెట్టుకుంటూ పోయాను.
నూట ముప్ఫై దగ్గర వేళ్ళు పట్టేశాయి.
బిపిన్‌కి తెలుగు రాదు. "ఎలా?" అన్నాడు. చూపించాను.
వాడు పెట్టినవి కాస్త ఒడియా వైపు వాలాయి,
అయినా వత్తులే.

తవిటమ్మ ఒక కార్డు వెలుతురుకి పట్టి
"ఇది మిషన్‌ది కాదేటి?" అంది.
"మిషన్‌దే. కింద కొక్కెం మాత్రం మాది."
లెక్కపెట్టుకుంది. ఒకటి ఎక్కువొస్తే
నాకే ఇచ్చేసింది: "శుక్రారం రండి ఇద్దరూ."

వెనక తెర మీద
ఇంకో అప్‌డేట్ వచ్చి నిలబడింది:
ఇప్పుడా, రాత్రికా?

వైరు పీకి, చుట్టి,
సొరుగులో పెట్టి తాళం వేశాను.