రాయి వెనక

సజ్జా యార్డుల పొద్దు ఐదింటికే మొదలైతది.
కంటైనర్ తలుపు తీస్తే ముందుగాల దిగేది వాసన:
తడారిన గోనె, పచ్చి చెక్క పెట్టె,
దాని కింద మా తాండూరు దుమ్ము.
షార్జాకొచ్చి పదహారేండ్లాయె,
ముక్కుకు మాత్రం ఇంకా వీసా రాలే.

నా పని వినుడు.
ప్రతి బండను మెటికతోటి కొట్టి చూస్త.
ఖంగుమంటే మంచిది,
బొదబొదమంటే లోపల పగులు.

ఈసారి సరుకు రహ్మానియాల ఒక విల్లాకు.
ఖర్జూరం చెట్ల నడుమ బాట,
చేపల కుంట చుట్టూ నీలం నాపరాయి.
ఎండల ఉత్త కాళ్లతో నడిచినా కాలొద్దంట.
గనిల మేం ఉత్త కాళ్లతోనే నడిచేది.
కాల్తదా అని ఎవ్వరడిగిండ్రు?

తోట ఇంజనీరు హనాదీ మేడం
ఒక కాగితం పట్టుకొచ్చింది. పద్దెనిమిది ప్రశ్నలు.
పిల్లలతో పని చేయించిండ్రా?
ముక్కుకు గుడ్డ ఇచ్చిండ్రా?
తవ్విన గుంత పూడ్చిండ్రా?
అన్నిటికీ కాంట్రాక్టర్ బస్వరాజ్ జవాబు రాసిండు,
ఒకే ఇంకు, ఒక్కటే ఊపు,
చెయ్యి ఎక్కడా ఆగినట్టు లేదు.

"అంజిల్, నీది ఆ ఊరే కదా. ఇది నిజమేనా?"

పూడ్చిన గుంత నేనొక్కటి చూడలే.
వానకాలం వాటిల నీళ్లు నీలంగ నిలబడతయి,
ఫోటో తీస్తే ఇక్కడి స్విమ్మింగ్‌పూల్ లెక్కనే ఉంటయి.
అవునంటే అబద్ధం.
కాదంటే ఆర్డర్ ఇంకో దేశం పోతది,
అక్కడ దుమ్ము వేరే భాషల దగ్గుతది.
"చూసి చెప్త మేడం" అన్న,
చూస్తే తెలిసేదన్నట్టు.

నూట ముప్పై ఏడో బండ తిప్పిన.
వెనక బలపం గీతలు.
అ ఆ ఇ ఈ ఉ ఊ
తర్వాత ఋ, సగం.
బలపం అరిగిందో, మేస్త్రి కేకేసిండో,
అన్నం తిన రమ్మని అమ్మ పిలిచిందో.

నా రెండో తరగతిల సారు "రాయి" అన్నడు.
లేచి బయటికి పోయి రాయి తెచ్చిన.
క్లాసంత నవ్వింది.
మూడో తరగతి నేను చూడలే,
అప్పటికి నిజంగనే రాళ్లకు పోతున్న.

నీళ్ల పైపు పక్కనే ఉంది.
ఒక్కసారి పట్టిస్తే చాలు.
మా పని తీరే అంత, వెనక వైపు సిమెంటులకు పోతది,
ఎవ్వరికీ కనపడది.

పైపు ముట్టలే. మేడంను పిలిచిన.
"ఏముంది?"
"అక్షరాలు."
"ఏం చెప్తున్నయి?"
"ఏం చెప్పవు మేడం.
చెప్పుడు మొదలుకాక ముందటియి ఇవి."

గీతల మీద వేలు ఆనించకుండ ఆమె చెయ్యి తిప్పింది.
"పని చేసే పిల్లనా?
పని చేసే అమ్మ పక్కన కూసున్న పిల్లనా?"
అది బండ మీద రాసి లేదు.
పద్దెనిమిది ప్రశ్నల కింద జాగ కూడ లేదు.
ఆమె కాగితం వెనక్కి తిప్పి
నిలబడే రాసింది, చాలాసేపు.
ట్రక్కు ఖాళీగ వెనక్కి పోయింది.

రాత్రి బస్వరాజ్ ఫోన్.
"పదకొండిండ్లు, అంజిలప్పా!
బువ్వల మన్ను కొట్టినవ్.
పూడ్చెటందుకు పైసలు ఆ బండ ధరల కలిపిండ్రా మీ మేడంలు?"
దానికి నా దగ్గర మాట లేదు.
తిట్టి తిట్టి అలిసినంక అడిగిండు,
"ఇంతకూ ఏం రాసుందిరా దాని మీద?"
చెప్పిన.
అటు దిక్కు పాలిష్ మిషన్ ఆగిన సప్పుడు.
"మొగులమ్మ బిడ్డది గావచ్చు.
దానికి ఋ ఎన్నడు రాదు" అన్నడు.
ఫోన్ పెట్టలే. మాట్లాడలే.

ఆ బండ ఇప్పుడు మా క్యాంపు గది బయట,
చెప్పుల పక్కన గోడకు ఆనుకొని ఉంది.
తెల్లారే మంచుకు గీతలు పల్చబడుతున్నయి.
జేబుల మార్కింగ్ పెన్సిల్ ఉంది,
ఋ మిగతా సగం నాకు వచ్చు.
రాయలే.
మెటికతోటి ఒకసారి కొట్టి చూసిన.
ఖంగుమన్నది.
మంచి బండ.