పదకొండో పలక

దివానియా ముగిసేసరికి పన్నెండు దాటుతుంది.
సింకులో అరవై ఇస్తికానాలు,
ఒక్కో గాజుగ్లాసు అడుగున
కరగని చక్కెర, ఉబ్బిన నల్లటి ఆకు.
అప్పుడు బయల్దేరతాం మేము.

సంచమాయ కుళాయి తిప్పుతుంది.
"ఇదే బాలాసన్" అంటుంది.
ఖోలా అంటే ఏరంట వాళ్ళ మాటలో.
ఏరంటే నాకు తెలిసింది ఒకటే:
రాయచోటి దాటినాక ఎడంపక్క, ఇసక.
చెలమ తవ్వి గంట కూచుంటే
గిన్నెడు నీళ్ళిచ్చేది, అదీ గొణుక్కుంటా.
గొంతెత్తి మాట్లాడే ఏటిని
జహ్రాలో, ఈ వంటింట్లోనే
మొదటిసారి విన్నా.

జీపు కొండ కింద బజారులో ఎక్కాలి.
వెనక సీటు వద్దు, వాంతులవుతాయని
నేనొచ్చిన ఏడాదే చెప్పింది.
పదిహేడు మలుపులు.
ఆరో మలుపు కాడ మొక్కజొన్నలు కాల్చే ముసలమ్మ.
తొమ్మిదో మలుపులో మబ్బు
కిటికీలోంచి వచ్చి ఒళ్ళో కూచుంటుంది.
నిజంగానా అంటే
"బిడ్డ మాదిరి, తడిగా" అంది.

మా ఇద్దరికీ వచ్చిన హిందీ అంతా కలిపినా
చేటెడు కాదు.
మిగిలింది సగం అరబ్బీ, సగం చేతులు.
తేయాకు ఎట్ల తుంచాలో చూపించను
ఒకసారి కొత్తిమీర కట్ట విప్పింది.
రెండాకులు, ఒక మొగ్గ.
గోరు తగలకూడదు, వేలి మెత్త తగలాలి.
మామా వచ్చి చూసి
కొత్తిమీరంతా పాడుచేస్తిరని అరిచిపోయింది.
అప్పటికి మేం రెండు వరసలు కోసేసినాం.

ఊరంటే ఇరవై ఒక్క ఇల్లు.
ఎర్ర రంగు రేకులు,
పాత నూనెడబ్బాల్లో పూలమొక్కలు.
మధ్యాన్నం ఎవరూ మాట్లాడరు,
కోడి కూడా ఆలోచించి కూస్తుంది.
ఏరొక్కటే, నిలపకుండా,
పనిలేని అత్త మాదిరి.
నేను చెప్పులిడిచి గుండ్రాయి మీద కూచుని
నీళ్ళలో కాళ్ళు పెడతా.
ఇక్కడ జూలైలో చన్నీళ్ళ కుళాయి కూడా
చెయ్యి కాలుస్తాది.
అది గుర్తొస్తే కాళ్ళు తియ్యబుద్ధి కాదు.

మీ ఊరికి ఎప్పుడు, అంటుంది.
ఏం చూపించేది?
చెనిక్కాయ పీకేసిన చేలు,
దారి, దుమ్ము, గొర్రెలు, అన్నీ ఒకటే రంగు.
మిద్దెక్కి చూడు, అదే మా ఊరు, అన్నా.
ఎక్కింది.
శానాసేపు దిగలేదు.

అంత చల్లని చోటు ఇడిచి
ఈడికెందుకొచ్చినావే అని
ఒకనాడు అడగనే అడిగినా.
గ్లాసు తుడుస్తా చెప్పింది.
తోటకు తాళమేసినారంట.
ఆర్నెల్ల కూలి బాకీ పెట్టి
మేనేజరు రాత్రికి రాత్రే కొండ దిగినాడంట.
తుంచే చెయ్యి లేకపోతే
తేయాకు మొక్కగా ఉండదు, చెట్టవుతుందంట.
"మా అమ్మ, ఆమె అమ్మ, నేను,
కొండనంతా నడుము ఎత్తులో ఆపినాం.
ఇప్పుడది లేచి నిలబడింది."
ఏడుస్తాందో, మురుస్తాందో
నాకు తెలీలా.
గ్లాసు మాత్రం చేతిలోంచి తీసుకున్నా,
పగిలిపోయేటట్టుంటే.

ఈ రంజాన్‌కు ఆమెకు ఎనిమిదేళ్ళు.
నాకు ఐదు.
మొన్న గాలిదుమారం రాత్రి
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి
లైటార్పి కూచున్నాం.
పోదామా, అంటే పోదాం అంది.
జీపు, మలుపులు, మొక్కజొన్న.
వంతెన కాడికొచ్చి ఆగిపోయింది.
ఇనప తీగల మీద ఊగే వంతెన,
చెక్క పలకలు,
వాళ్ళ నాయిన మేకులు కొట్టినవి.

"ఎన్ని పలకలు?" అంది.

నన్ను అడుగుతాంది.
బయట ఇసక అద్దాన్ని గీరతాంది.
నా చేతిలో ఆమె చెయ్యి తడిగా ఉంది,
తొమ్మిదో మలుపు మాదిరి.

"నలభై మూడు" అన్నా.
"పదకొండోది లేదు.
నా వెనకాలే రా.
నేను చెప్పినప్పుడు
కాలు చాచు."