జీను తగిలే చోటు

సీసా మోంటెవిడియో చేరేసరికి
మూత చుట్టూ ఎర్రమట్టి.
లోపల చిక్కుడు గింజంత ముక్క.
చీటీలో "ఎక్కడిది" అన్నచోట
నర్సు రాసింది ఒకటే మాట: కింద.

ఫోన్ చేశాను. కింద అంటే?
ఆవిడ గొంతు సవరించుకుంది.
వెనక నుంచి ముసలాయన కేక:
"జీను తగిలే చోటని చెప్పు తల్లీ!"

ఎలెవుతేరియో. టాకువారెంబోలో పశువులు తోలతాడు.
నెత్తురు కనబడితే మొలలన్నారు,
రెండేళ్లు లేపనం.
తప్పు జీనుదేనని మూడు జీనులు మార్చాడు,
పాపం, గుర్రాన్ని కూడా.

గాజు పలక మీద గోధుమరంగు రేణువులు,
పొయ్యి మీంచి మసి రాలినట్టు.
నమ్మలేదు. ఇంకో రెండు రంగులు వేయించాను.
గ్రిసెల్డాకి చూపిస్తే
మాట్లాడకుండా కళ్లద్దాలు తీసింది.
మెలనోమా.
డెబ్బయ్యేళ్లు ఎండలో తిరిగిన మనిషికి
ఎండ ఎన్నడూ చూడని చోట.

సర్జన్ చుట్టూ కాస్త మంచి కండతో సహా కోశాడు,
బిగించే కండరం మిగిల్చాడు.
ఇప్పుడు మూడు వారాలకోసారి నరంలోకి మందు.
రాత్రి బస్సులో వస్తాడు,
సీటున్నా సగం దారి నిలబడే.

నిన్న ల్యాబ్ గుమ్మంలో టోపీ తీసి అడిగాడు:
"లోపల నన్ను చూసింది నువ్వేనా?"
అవునన్నాను.
"ఎలా ఉన్నాను?"

ఆ నర్సులాగే
నేనూ గొంతు సవరించుకున్నాను.