మేర

సోమవారం పాలమూరు ప్రజావాణిల
నా దరఖాస్తు మూడు బల్లలు తిరిగింది.
"ఏ శాఖ మీద కొట్టాలె?" అన్నడు కంప్యూటరు పిలగాడు.
పింఛన్లున్నయి, పట్టా పాసుబుక్కులున్నయి,
వీధికుక్కలకు గూడ ఒక గడి ఉన్నది.
సముద్రం నడుమ దీవిల
రాడారుకు జనరేటరు నడిపే తమ్ముని జీతానికి
గడి లేదు.
"ఇతరములు" అని కొట్టి
రశీదు చేతిల పెట్టిండు.

కుర్మయ్య పోయి పద్దెనిమిది నెలలు.
మొదటి ఏడాది నెలనెలా పడ్డది.
తర్వాత రెండు సర్కార్లు కూసున్నయి.
యంత్రం మనది, గుట్ట వాళ్లది,
చూసేది ఇద్దరి కోసం.
మరి చూసేటోని కూడు ఎవరిది?
ఏడుసార్లు కూసున్నరు.
టీవీ అడుగున ఉరుకుకుంట పోయింది వార్త:
స్నేహపూర్వక వాతావరణంలో చర్చలు,
సిబ్బంది ఖర్చు తదుపరి సమావేశానికి.
బల్ల మీద నీళ్ల సీసాలు, గులాబీలు,
ఒకే పీటకు గుచ్చిన రెండు చిన్న జెండాలు.

నాకు మా తాత మంచె యాదికొచ్చింది.

ఆత్మకూరు దిక్కు, ఇద్దరు పట్టాదార్ల నడిమి గట్టు మీద
నాలుగు గుంజల మంచె.
రెండు పక్కలా తెల్లజొన్న.
తాత చేతిల వడిసెల, నడుముకు రాళ్ల సంచి.
కోతలైనంక ఇద్దరూ చెరొక తూమెడు మేర కొలవాలె.
ఆ యేడు ఒకాయన అన్నడట,
"పిట్టలు నీ దిక్కుకెల్లి వస్తయి, నువ్వే కొలువు."
ఇంకొకాయన అన్నడట,
"గుంజలు రెండున్నర నీ మడిలున్నయి, నువ్వే కొలువు."
కల్లుముంత ముంగట పెట్టుకొని
పొద్దుగూకేదాంక మర్యాదగనే మాట్లాడుకున్నరు.
తాత పైనుంచి ఆ రెండు తలపాగలు చూసుకుంట
రాళ్లు ఇసురుతనే ఉన్నడు.

మూడోనాడు దిగిండు.
తువ్వాల మొఖం మీదేసుకొని
మంచె నీడకు పండిండు.
చిలకలు దిగినయి.
పొద్దు వాలకముందే రెండు తూములు
కాళ్లొచ్చినట్టు మంచెకాడికి వచ్చినయి.
అండ్ల ఒకటి జర తక్కువ కొలిచిండ్రని
మా అవ్వ సచ్చేదాంక అనుకుంటనే ఉండె.

రాత్రి ఫోన్ల ఈ ముచ్చట చెప్తే నవ్విండు కుర్మయ్య.
ఆ నవ్వు జర ఆలస్యంగ చేరింది.
"దిగుత అక్కా. దిగి యాడికి పోవాలె?
పడవ రెండు నెల్లకొకటి.
ఆ టికెట్టు ఎవరు గొనాలెనో
అది గూడ ఎనిమిదో సమావేశంలనే ఉన్నది."

నేను అంగన్‌వాడిల ఆయాను.
నా జీతం గూడ మూడు నెల్లకోసారి మొఖం చూపిస్తది.
అయినా నాది ఎవరియ్యాలెనో నాకెరుక,
తిట్టనీకి ఒక ఆఫీసున్నది, దానికొక గేటున్నది.
వాడు ఒకరిని తిడితే
ఇంకొకరు సంబురపడ్తరు.

"అండ్ల ఏం కనవడ్తదిరా రాత్రంత?" అని అడిగిన.
"నేను చూసేది డీజిల్ ముల్లు.
తెర చూసేటాయన ఒకసారి పిలిచి చూపిచ్చిండు.
ఓడలు మెరుస్తయి, విమానాలు మెరుస్తయి.
పిట్టల గుంపొచ్చినా మెరుస్తదట.
అవి లెక్కలకు రావని
ఒక మీట నొక్కి చెరిపేస్తరు."

ఇంకేదో గూడ అన్నడు.
జనరేటరు మోతల ఇనవడలే.
రశీదు నంబరు చెప్పమన్నడు, చెప్పిన.
పదకొండు అంకెలు.
ఒక్కొక్కటే తిరిగి చదివిండు.
తొమ్మిదోది తప్పింది.
మళ్ల మొదటికెల్లి చెప్పిన.