నలభై రెండు గ్రాములు

డెర్బీలో వరసగా మూడోరోజు ఎండ.
నమ్మలేక, నమ్మి, దుప్పట్లు ఆరేస్తూ వంగితే
పలకరాళ్ళ మీద మసిగుడ్డ ముక్క.
తీయబోతే కళ్ళు తెరిచింది.

కొడవళ్ళలాంటి రెక్కలు రెండు.
కాళ్ళు, అనొచ్చో లేదో,
ఎవరో తొందరలో గుచ్చి మరిచిపోయిన ముళ్ళు.
ఎగురుతుందేమోనని గాల్లోకి విసరబోయాను.
"ఆగు!" గోడ అవతలి నుంచి బెరిల్ కేక.
"అది స్విఫ్ట్. నేల దానికి పరాయిది.
ముందు తూకం వెయ్యి."

దీన్ని తెలుగులో ఏమంటారో నాకు తెలియదు.
స్విఫ్ట్ అనగానే బొబ్బిలిలో మా చిన్నాన్న
అప్పుచేసి కొన్న ఎర్ర కారొకటి కళ్ళముందు తిరిగింది.

కందిపప్పు తూచే త్రాసు మీద గిన్నె,
గిన్నెలో రుమాలు, రుమాల్లో అది.
ముప్పై ఒకటి.
పార్సిళ్ళ గోదాములో తొమ్మిదేళ్ళు తూచిన చేతులివి.
ముప్పై ఒక్క గ్రాములకి మా దగ్గర
స్టాంపు చాలు, సంతకం అక్కర్లేదు.

గుడ్డు కూడా గడప దాటని ఇల్లు మాది.
ఫ్రీజర్లో కరివేపాకు పొట్లానికీ కొబ్బరి కోరుకీ మధ్య
చచ్చిన కీచురాళ్ళ డబ్బా.
వామన్ రెండ్రోజులు ఐస్‌క్రీం జోలికి పోలేదు.

అది నోరు తెరవదు. తెరిపించాలి,
గోటి అంచుతో, చింతగింజ తొక్క తీసినంత నెమ్మదిగా.
పట్టకారుతో లోపలికి పెట్టి ఆగాలి.
మింగిందో లేదో గొంతు చెబుతుంది.
మొదటి కీచురాయికి నేనే కళ్ళు మూసుకున్నాను.
ఇరవయ్యోదానికి లెక్క మానేశాను.

గంటకోసారి అలారం.
గోదాముకి ఫోన్ చేసి ఒంట్లో బాలేదన్నాను,
ఎవరి ఒంట్లోనో చెప్పలేదు.

ముప్పై నాలుగు.
ముప్పై మూడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.
ముప్పై ఎనిమిది.

దాని ఈకల్లోంచి చదునైన పురుగొకటి
నా మోచేతి దాకా పరుగెత్తుకొచ్చింది.
గావుకేక పెట్టాను. పిట్ట మాత్రం
నావైపు విసుగ్గా చూసి అటు తిరిగింది.

అర్ధరాత్రి అట్టపెట్టెలో చప్పుడు.
రెక్కల మీద ఒళ్ళెత్తి, దించి, మళ్ళీ ఎత్తి,
ఎవరూ చూడని వేళ
దండీలు తీస్తున్న కుస్తీ కుర్రాడిలా.

పేరు పెట్టొద్దంది బెరిల్. పెట్టలేదు.
గ్రాములతోనే పిలిచాను.
"ఏమ్మా నలభై, లేచావా?"

నలభై రెండు రోజున పార్కుకి తీసుకెళ్ళాం.
అంత మైదానం, అంత ఆకాశం.
అది నా వేలు పట్టుకుని వదల్లేదు.
ఆ ముళ్ళకి అంత పట్టెక్కడిదో!
తిరిగి తెచ్చేశాం. దారంతా బెరిల్‌తో "అయ్యో" అంటూ
లోలోపల పండగ చేసుకున్నాను.

మర్నాడు పొద్దున బెరిల్ రాలేదు, మోకాళ్ళ నొప్పి.
నేనూ, పెట్టే.
అరచేయి తలకన్నా ఎత్తున పెట్టి
విసరకుండా, ఊరికే నిలబడ్డాను.
వణుకు మొదలైంది.
భయం కాదట, ఇంజను వేడెక్కడమట.
నా చెయ్యంతా చలిజ్వరం.

ఆ తర్వాత బరువు లేదు.

గడ్డి వైపు జారింది. నా ప్రాణమూ జారింది.
గడ్డికి జానెడు పైన, ఏదో గుర్తొచ్చినట్టు లేచి,
చెట్ల వరస మీదుగా ఒక నల్లటి గీత,
ఒక చుక్క,
చుక్క ఉండాల్సిన చోటు.

ఇక రెండు మూడేళ్ళు ఎక్కడా వాలదట.
తిండీ, నిద్రా, ఆఫ్రికా, అన్నీ గాల్లోనేనట.
అంటే అది చివరిసారి ఆనుకున్న నేల ఇది:
ఉల్లిపాయ వాసన వదలని,
పార్సిల్ కత్తి గాటున్న
నా కుడి అరచేయి.

దించడం మరిచిపోయాను.

కుక్కతో పోతున్న ముసలాయన ఆగి
నా చేతినీ మబ్బునీ మార్చి మార్చి చూశాడు.
"చినుకులా?" అన్నాడు.

"ఇంకా లేదు" అన్నాను.