చూడనీకేమున్నది

బల్లార్షాలో బండి తప్పింది.
తర్వాతిది రాత్రి పదకొండుకి.
మా వదిన తమ్ముడు దుర్గం పోషమల్లు,
గనిలో పంపు ఖలాసీ,
నైట్ డ్యూటీ దిగి కన్నయినా మూయకుండా
మోటార్ సైకిలేసుకుని వచ్చాడు.
"చంద్రపూర్ జూస్తవా అక్కా? చూడనీకేమున్నది గని
ఎండ మస్తుగుంటది. గదే జూడు."

చూశాను.
తడి తువ్వాలు తలకి చుట్టుకుని తిరుగుతోంది ఊరు.
అటుకుల మీద ఎర్రటి తర్రి గరిటెడు పోసి
"మీది మంచిర్యాల దిక్కా?" అని తెలుగులో అడిగి
చిల్లర మాత్రం మరాఠీలో లెక్కపెట్టింది హోటలామె.

ఊరంతటికీ కోటగోడ ఉందంటే నమ్మలేదు.
ఒకచోట దానికి ఆనించి సైకిల్ ట్యూబులు వేలాడుతున్నాయి,
ఇంకోచోట బురుజు ఎక్కి ఎవరో పిల్లాడి లాగులు ఆరేశారు.
జట్‌పురా దర్వాజాలో
హారన్లతో ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ఆటోలు దూరుతుంటే
పైన రాతి సింహం
ఏనుగును అట్లాగే తొక్కిపట్టి ఉంది.
"చిన్నగున్నప్పుడు అనుకునేటోన్ని,
ఏనుగంటె మేము, సింహమంటె కంపెనీ అని.
ఇప్పుడు ఎవలు ఎవలో
సమజైతలేదు."

కరెంటు ఫ్యాక్టరీ దారిలో బండి ఆపాడు,
జలపాతం దగ్గర ఆపినట్టు.
బానల్లాంటి కూలింగ్ టవర్ల మూతుల్లోంచి
తెల్లగా, తాపీగా, పొంగుకొస్తున్నాయి.
"మా ఊళ్లె మబ్బులు గిట్ల తయారైతయ్.
వాన మాత్రం పడది."
నేను నవ్వాను.
అతను నవ్వలేదు. చాలాసేపు చూశాడు.

లాల్‌పేటలో, కార్మికుల ఇళ్లు దాటాక,
తలుపు లేని, కప్పు లేని దేవుళ్లు.
ఒక తాబేలు, ఒక చేప, నంది,
పది తలల అమ్మవారు వెల్లకిలా,
ఇరవై అడుగుల పొడవున, సూర్యుడికేసి రెప్ప వేయకుండా.
ఎవరో కోమటి షావుకారట,
శివుడికి గుడి మొదలుపెట్టాడట,
గుడి లేవకముందే తనే వెళ్లిపోయాడట.
"మనోడే" అన్నాడు పోషమల్లు,
పోయిన వారం పక్కింట్లో పోయినంత దిగులుగా.

చిన్నప్పుడు అమ్మవారి పక్కన పడుకుని
తను ఎంత పెరిగాడో కొలుచుకునేవాడట.
మోకాలి దాకా వచ్చాక
నాయిన ఉద్యోగం వచ్చిందట. కొలవడం మానేశాడు.

మడమతో నేలని రెండుసార్లు తట్టాడు.
"గీ కింద నుంచే పోతది మా గని.
బొగ్గంత తియ్యరు అక్కా,
నడుమ నడుమ దిమ్మెలు ఇడుస్తరు, పైకప్పు కూలకుంట.
నాయిన ఇడిసిన దిమ్మెలు ఇంక గట్లనే ఉన్నయ్.
నేను నీళ్లు తోడుతున్న, అంతే."

వంగి నంది వీపు మీద చెయ్యి పెట్టాను,
కాలి, తీసేశాను.
మళ్లీ కొంగు మడిచి పెట్టి
చెవి ఆనించాను.
పంపు చప్పుడు వినిపిస్తుందనుకున్నానేమో.
ఎక్కడో ఒక లారీ రివర్సు తీస్తున్న పాట, అంతే.
లేచేసరికి చెంప మీద మసి.
"తుడ్వకు, ఇంక అంటుకుంటది" అన్నాడు.

స్టేషన్లో దింపుతూ అడిగాడు,
అడగనట్టే, కిక్కు కొడుతూ:
"ఎట్లున్నది మా ఊరు?"
జవాబు కూడగట్టేలోపే బండి రాజుకుంది,
అతనికి డ్యూటీ టైమైంది.

ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నాను.
మీగడ మీద సన్నటి బూడిద వాలింది,
ఊది, తాగేశాను.
ఈపాటికి దిగి ఉంటాడు.
చెక్కుతూ చెక్కుతూ వదిలేసిన ఆ పది ముఖాల కింద,
ఎన్ని అడుగుల లోతునో,
నుదుటి మీద ఒక దీపంతో
వాళ్ల నాయిన వదిలిన దిమ్మెని
తప్పుకుంటూ నడుస్తుంటాడు.